కట్టుబాటు అడిగిన పంతులమ్మ

కిందటి వారం మనం కుసుమకుమారిని ఉప్పురేవుపాలెం ఇసుకలో, ఊరి పెద్దల ఎదుట నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఈ వారం రోజుల్లో మీకు సవాలక్ష పనులు తగిలి ఉంటాయి కనుక రెండు ముక్కల్లో గుర్తుచేస్తాను.

కుసుమకుమారి ఆ ఊరి ప్రాథమిక పాఠశాలకు పంతులమ్మ. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఆవిడ ఒక్కర్తే దిక్కు. ఆ ఊళ్లోనే పుట్టి, ఆ బడిలోనే అక్షరాలు దిద్దుకుని, అక్కడికే ఉద్యోగం మీద వచ్చిన బెస్త ఇంటి ఆడపడుచు. కాపురం భోగాపురంలో. ఆ ఏడు, అంటే 2017 జూన్‌లో, బడులు తెరిచీ తెరవకముందే పైనుంచి ఉత్తర్వు దిగింది. ఇరవై మంది పిల్లలు లేని బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారట. ఆవిడ దగ్గర ఉన్నది పద్నాలుగు మంది. అంతకు రెట్టింపు పిల్లల్ని రోజూ పొద్దున్నే భోగాపురం నుంచి ఒక పసుపు బస్సు వచ్చి ఎక్కించుకుపోతోంది. సోమవారం మండల విద్యాధికారి వచ్చి తలలు లెక్కపెట్టుకుంటాడు. లెక్క తగ్గిందా, బడికి తాళం. పక్క ఊరి బడేమో గెడ్డకు అవతల ఉంది. వానలు పడితే ఆ గెడ్డలో పెద్దవాళ్లే నడుం లోతు నీళ్లలో దాటాలి. ఇక ఆరేడేళ్ల ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు? ఇంట్లో కూచోబెట్టి తమ్ముళ్లను ఎత్తుకోమంటారు.

అందుకని కుసుమకుమారి శుక్రవారం సాయంత్రం ఊరి పెద్దల్ని కూచోబెట్టి, కట్టుబాటు అడిగింది.

కట్టుబాటు అంటే పట్నంలో ఉన్నవాళ్లకు అంత సులువుగా అర్థం కాదు. సముద్రం ఒడ్డు ఊళ్లలో పెద్దలు కూచుని, వల ముట్టి ఒక మాట అనుకున్నారంటే ఊరంతా ఆ మాట మీదే నిలబడాలి. తప్పినవాణ్ణి ఎవరూ కొట్టరు, తిట్టరు. వాడి తెప్పకు భుజం పట్టరు. పెద్దవల తాడు లాగడానికి వాణ్ణి పిలవరు. పదిమంది చెయ్యి వేస్తే గానీ తెప్ప నీళ్లలోకి దిగదు, ఊరు ఊరంతా తాడు పడితే గానీ పెద్దవల ఒడ్డుకు రాదు. అలాంటి చోట ఒంటరిగా మిగిలినవాడు మూటాముల్లె కట్టుకుని వలస పోవలసిందే. అధికారులు ఎన్నిసార్లు వచ్చి బెదిరించినా కదలని సారా కొట్టు, పెద్దలు వల ముట్టిన మర్నాడే ఆ ఊళ్లో మాయమైపోయింది. అది కళ్లారా చూసింది గనకే కుసుమకుమారికి ఈ ఆలోచన వచ్చింది. ఊరి పిల్లలందరూ ఊరి బడికే రావాలని కట్టుబాటు పెడితే, ఏ పసుపు బస్సూ ఏమీ చెయ్యలేదని ఆవిడ ధీమా.

మంచి ఆలోచనే. అయితే ఆయుధం అడిగి తెచ్చుకునేవాళ్లు దానికి రెండువైపులా పదును ఉంటుందేమో చూసుకోవాలి. ఆవిడ ఆ తొందరలో అది చూసుకోలేదు.

వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డు కింద పెద్దలు ముగ్గురూ కూచున్నారు. నడుమ అసిరయ్య. ఆయన మాటంటే ఊళ్లో సముద్రం కూడా ఆగి వింటుందని నవ్వులాటకి అంటారు గానీ, మనుషులు మాత్రం నిజంగానే ఆగి వింటారు. వేట నిషేధం రేపో మాపో ఎత్తేస్తారనగా తెప్పలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. గుజరాత్‌లో వేరావలు బోట్ల మీద పనికి పోయినవాళ్లు కూడా ఇళ్లకు వచ్చి ఉన్నారు. మగవాళ్లంతా షెడ్డు చుట్టూ గొంతుక్కూచున్నారు, ఆడవాళ్లు ఎడంగా నిలబడ్డారు. ఒక పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, తెల్ల చొక్కా నలగకుండా, గోవిందరావు కూచున్నాడు.

ఈ గోవిందరావే పసుపు బస్సు యజమాని. భోగాపురంలో వాళ్లది వలల కొట్టు. తండ్రి కాలం నుంచీ ఈ తీరానికంతటికీ నైలాను వలలు, తాళ్లు అమ్మిన కోమటి కుటుంబం. వ్యాపారం ఎటు పోతోందో గాలి వాసన పట్టి చెప్పగలిగిన మనిషి కనుక, కొట్టు వెనక గోదాములకు కిటికీలు పెట్టించి ఇంగ్లీషు మీడియం బడి తెరిచాడు. ఇద్దరి మాటా వినకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదని అసిరయ్యే ఆయనకు కబురు చేశాడు. ఆయన వచ్చి, అందరికీ దండం పెట్టి కూచుని, ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు.

ఆవిడ తన మాట చెప్పుకుంది. పిల్లలు తగ్గారని టీచర్ని తీసేశారు, టీచరు లేదని పిల్లలు ఇంకా తగ్గారు. ఇలా ఒకదాన్ని చూసి ఒకటి తగ్గుతూ పోయి ఇప్పుడు బడే పోయేలా ఉంది. అదే ఇరవై దాటితే రెండో టీచర్ని వేస్తారు, నిబంధన అలాగే ఉంది. పిల్లలు ముందు వస్తే చదువు తరవాత బాగుపడుతుందని, ముందు చదువు బాగుపడాలంటే ఎప్పటికీ కుదరదని బతిమాలుతున్నట్టే చెప్పింది.

వేరావలు నుంచి వచ్చిన కుర్రవాళ్లకు ఆ మాటలు ఎక్కలేదు. ఇక్కడ రేపు విమానాశ్రయం కట్టి విమానాలు దింపుతారంటున్నారు, ఇంగ్లీషు రానివాణ్ణి అక్కడ తుడవడానికి కూడా పెట్టుకోరు, మేము పడ్డ పాట్లు మా పిల్లలు పడాలా అని అడిగారు. అడగడంలో తప్పేముంది? పరాయి రాష్ట్రంలో భాష రాక, బోటు యజమాని ఏం తిడుతున్నాడో కూడా తెలియక బతికినవాళ్లు. టై కట్టుకుని బస్సెక్కే కొడుకుని చూస్తే వాళ్లకు కడుపు నిండుతుంది. కుసుమకుమారికి వాళ్ల మీద కోపం రాలేదు గానీ, నోటికి మరో మాట వచ్చింది. అది అనాలని ఇంటి దగ్గర అనుకుని రాలేదు.

"మీ పిల్లల కోసం అంతన్నారు కదా. ఏ పిల్లల కోసం? ఆ బస్సులోన ఈ వూరి ఆడపిల్ల ఒక్కర్తయినా ఉన్నాదా?"

ఆవిడ ఇల్లిల్లూ పేరు పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఫలానా ఇంట్లో కొడుకు బస్సుకి, కూతురు నా బడికి. ఫలానా ఇంట్లో మనవడు బస్సుకి, మనవరాలు నా బడికి. తన సొంత అన్న ధనరాజుని కూడా వదల్లేదు. నా మేనల్లుడికి బూట్లు, నా మేనకోడలికి గెడ్డ దారి, ఇదేనా అని అడిగింది. ధనరాజు తల దించుకుని ఇసుకలో వేలితో గీతలు గీస్తూ కూచున్నాడు. ఊరి బడి అంటే ఆడపిల్లల బడి అయిపోయింది, అందుకే అది మూతపడినా ఎవరికీ నిద్ర చెడటం లేదు అన్నది ఆవిడ మాట సారాంశం. మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్లలో ఎవరో "నిజిమే గదా" అని మెల్లగా అన్నారు. ఒక్క నిమిషం పాటు కుసుమకుమారి గెలిచిందనే అనిపించింది.

సరిగ్గా అప్పుడే పసుపు బస్సు వచ్చి షెడ్డు పక్కన ఆగింది. మగపిల్లలు బిలబిలమంటూ దిగి ఇళ్లకు పరుగెత్తారు. డ్రైవరు బస్సును వెనక్కి తిప్పుకోవడానికి ఇసుక అంచుదాకా తెచ్చి, దాని వీపు షెడ్డు వైపు పెట్టి, టీ తాగడానికి దిగిపోయాడు.

కూర్మమ్మ ముందుకు వచ్చింది. ఈమె చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నలభై ఊళ్లు తిరిగిన మనిషి. పెద్దల ముందు ఆడవాళ్లు నోరెత్తకూడదన్న ఆచారం ఆమె దగ్గర ఎప్పుడో చచ్చిపోయింది. ఆమె మనవడు దీపక్ బస్సెక్కుతాడు, మనవరాలు దీపిక కుసుమకుమారి దగ్గర రెండో తరగతి చదువుతోంది. ఇప్పుడే పంతులమ్మ అందరి ముందూ ఆ మాట అంది. అది కూర్మమ్మకు ముల్లులా దిగింది.

"ఆడపిల్ల లేదనీసి ఎలగంతావే కుసుమా? బస్సు లోపల లేదు గానీ, బస్సు ఎనకాల ఉన్నాది కదా. అటు సూడు."

చూడక్కర్లేదు. అక్కడ ఏముందో కుసుమకుమారికి తెలుసు. బస్సు వెనక అద్దం కింద పెద్ద ఫ్లెక్సీ. దాని మీద రెండు జడలతో, టైతో నవ్వుతున్న కుసుమకుమారి కూతురు హర్షిత. నాలుగో తరగతిలో ప్రథమ స్థానం అని చిన్న అక్షరాలు, 'తల్లి ప్రభుత్వ ఉపాధ్యాయురాలు' అని పెద్ద అక్షరాలు. బొమ్మ వేసిన రోజున తీయించెయ్యమని భర్త విజయ్‌కుమార్‌తో అంది. ఆయన విజయనగరంలో బీమా ఆఫీసు గుమస్తా. కూతురి బొమ్మ ఊళ్లు తిరుగుతుంటే ఎందుకు తీయించాలని ఆయన ఎదురు అడిగాడు. ఆవిడ రెండోసారి అడగలేదు. లోలోపల ఆవిడకూ కాస్త ముచ్చటగానే ఉండి ఉండాలి, తల్లి కదా.

కూర్మమ్మ ఆగలేదు. ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు, తిట్టలేదు. బేరం దగ్గర తూకం చూపించినట్టు ఒక్కొక్కటే చెప్పింది. మా గుంటని నీ దగ్గరికి పంపించినాము, నువ్వు నీ గుంటని ఆయన దగ్గరికి పంపించినావు. నీ బడి మంచిదయితే నీ పిల్ల అక్కడెందుకున్నాది? మంచిది కాకపోతే మా పిల్లలు ఇక్కడెందుకుండాల? ఈ రెండిట్లో ఏదో ఒకటి సెప్పీసి ఎల్లు.

గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. కుసుమకుమారి ఎరగకపోలేదు, ఎరిగే ఇన్నాళ్లూ చీర కుచ్చిళ్లతో కప్పుకుని తిరిగింది. ఇప్పుడు ఊరంతా చూస్తోంది. అబద్ధం చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు. ఐదు తరగతుల్ని ఒక్క గదిలో పెట్టుకుని, ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించేలోపు ఐదో తరగతి అల్లరి, మధ్యలో భోజనం లెక్కలు, మీటింగులు. అక్కడ ఏ పిల్లకీ రావలసినంత చదువు రాదని ఆవిడకే అందరికన్నా బాగా తెలుసు. తెలిసి ఏ తల్లి తన పిల్లని అక్కడ కూచోబెడుతుంది? ఆ మాటే చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పింది. చెబుతుంటే కళ్లలో నీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు.

"ఒక్కర్తినే సెయ్యలేకపోతన్నానత్తా. అందుకే నా పిల్లని పంపీసినాను. తప్పే."

కూర్మమ్మ ఆ జవాబు వస్తుందనుకోలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని ఆడవాళ్లలోకి వెనక్కి నడిచింది. ప్లాస్టిక్ కుర్చీలో గోవిందరావు కాలు మీద కాలు మార్చుకున్నాడు.

పెద్దలు ముగ్గురూ తలలు దగ్గర పెట్టి చాలాసేపు మాట్లాడుకున్నారు. అంతసేపూ కుసుమకుమారి ఎవరి వైపూ చూడలేదు. పోయింది, అంతా పోయిందనుకుంది. సోమవారం అధికారి వస్తాడు, పద్నాలుగు తలలు లెక్కపెడతాడు, తాళంకప్ప ఆవిడ చేతే వేయిస్తాడు. తనని ఎక్కడికో వేరే ఊరికి వేస్తారు, జీతానికి లోటు రాదు. దీపికకు మాత్రం గెడ్డ ఉంటుంది. ఆ పిల్ల ఈ మధ్యనే కూడికలు నేర్చుకుని, కనపడ్డదల్లా కూడేస్తోంది.

అసిరయ్య లేచి నిలబడ్డాడు. షెడ్డు రాటకు వేలాడుతున్న పెద్దవల అంచు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇనుకోండి. కుసుమ కట్టుబాటు అడిగింది. ఇస్తన్నాం. సోమారం నుంచి ఈ వూరి పిల్లలంతా ఈ వూరి బడికే ఎల్లాల. మగగుంటలైనా, ఆడగుంటలైనా. ఈ వూరి పిల్లలంటే ఈ వూర్లో పుట్టిన ఆడపడుసు పిల్లలు కూడాను." అక్కడ ఆగి ఆవిడ వైపు చూశాడు. "సోమారం నీ పిల్ల కూడా ఈ ఇసకలోనే నడిసి రావాల తల్లీ. నువ్వు తప్పితే ఆ తప్పు నీ మీద ఎయ్యలేం, నువ్వు పరాయింటికి ఎలిపోనావు. నీ పుట్టింటి మీద పడతాది. ధనరాజు తెప్పకి ఎవలూ భుజం పట్టరు."

అడిగింది ఆవిడే. ఆవిడ అడిగినదే ఇచ్చారు, ఒక్క అక్షరం తగ్గించకుండా. పరాయి ఊరి పంతులమ్మ ఎవరైనా అయితే అసలు కట్టుబాటు అడగాలని తోచేది కాదు, తోచినా ఆమెకు వర్తించేది కాదు. ఊరి పిల్ల గనక అడగగలిగింది, ఊరి పిల్ల గనకే అందులో తానూ పడింది.

ధనరాజు తలెత్తి చెల్లెలి వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, వద్దని లేదు, సరేనని లేదు. ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి, ఒక తెప్ప. ఆయనకు ఇంకేం లేవు.

కుసుమకుమారి మనసు భోగాపురం ఇంటికి పోయింది. విజయ్‌కుమార్ ఏమంటాడో ఆవిడకు తెలుసు, అనకముందే వినిపిస్తోంది. నీ ఉద్యోగం కోసం నా కూతురి జీవితం తాకట్టు పెడతావా అంటాడు. హర్షిత ఏమంటుందో మాత్రం తెలియదు. ఆ పిల్ల ఇంగ్లీషులో పద్యాలు అప్పజెబుతూ అన్నం తింటుంది. సోమవారం నుంచి తన బడిలో ఆ ఒక్క గదిలో, ఆ చాప మీద, ఐదో తరగతి. రెండో టీచరు ఎప్పుడు వస్తాడో, వస్తాడో రాడో. కాగితం మీద నిబంధన ఉండటం వేరు, మనిషి బస్సు దిగి రావడం వేరు, ఇంతకాలం ఉద్యోగం చేసిన ఆవిడకు ఆ తేడా తెలియక కాదు. కన్నకూతురి ఏడాదిని పణంగా పెట్టమంటున్నారు. మరి పద్నాలుగు మంది ఆడపిల్లల ఏళ్లన్నీ ఇన్నాళ్లూ ఎవరు పణంగా పెట్టారు? వాళ్ల అమ్మలు ఎవరూ సభ పెట్టి ఏడవలేదే.

ఆవిడ నాలుగు అడుగులు వేసి వల అంచు పట్టుకుంది. ఉప్పు పట్టి గరుకుగా ఉంది.

"నా పిల్ల వస్తాది మావా," అంది.

జనం అంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. అంతలో గోవిందరావు కుర్చీలోంచి లేచాడు. అందరూ ఆయన గొడవ చేస్తాడనే అనుకున్నారు. ఆయన మాత్రం పెద్దలకు దండం పెట్టి, ఊరి మాట తనకు శిరోధార్యమని, తండ్రి నాటి నుంచీ ఈ ఊరి ఉప్పు తిన్నవాణ్ణని, ఎవరి మనసూ కష్టపెట్టుకోనని మర్యాదగా చెప్పాడు. పంతులమ్మగారితో పిల్లల కాగితాల గురించి రెండు మాటలు మాట్లాడి పోతానన్నాడు. కారు దాకా ఆవిడ వెంట నడిచింది. నలుగురికీ కనపడేంత దూరం, ఎవరికీ వినపడనంత దూరం.

కారు తలుపు మీద చెయ్యి వేసి ఆయన నవ్వాడు. మొదట ఆయన అన్నది ఆవిడను తిట్టినా బాగుండుననిపించే మాట.

"అమ్మా, మీ బడిని నేను మూయిస్తున్నానని మీకు కోపం. ఐదు తరగతులకి ఒక్క మనిషిని వేసింది నేనా? పిల్లలు తక్కువుంటే ఎత్తీమన్నది నేనా? దారిలో ఎవరూ లేకపోతే నేను బస్సు వేసేను, అంతే."

ఆయన ఆవిడ జవాబు కోసం ఆగలేదు. అసలు సంగతిలోకి వచ్చాడు. కట్టుబాటుతో పిల్లలు వచ్చి మీ చాప మీద కూచున్నంత మాత్రాన లెక్కకు రారు, ఆ సంగతి మీకూ తెలుసు నాకూ తెలుసు, అన్నాడు. నిజమే. విద్యాశాఖ కంప్యూటర్లో పిల్లల పేర్లన్నీ ఆయన బడి కింద ఉన్నాయి. అక్కడి నుంచి ఆయన వదిలితేనే ఇక్కడ ఎక్కించుకోవడానికి వీలు. వదలకుండా నాలుగు రోజులు నాన్చితే చాలు, సోమవారం అధికారి ముందు తెర మీద పద్నాలుగు పేర్లే కనపడతాయి, ఎదురుగా నలభై మంది పిల్లలు కూచుని ఉన్నా సరే.

"రేపు పొద్దున్నే అన్నీ వదిలేస్తాను. ఈ ఊరి పిల్లలు ఇంతమంది పోయినా నాకు పెద్ద నష్టం లేదమ్మా. కానీ పాప బొమ్మ నలభై ఊళ్లు తిరుగుతోంది. సర్కారు టీచరమ్మే తన పిల్లని మన బడికి పంపిందంటే ఇంకేం చెప్పక్కర్లేదు ఎవరికీ. ఆ పాప రేపు మీ చాప మీద కూచుందనుకోండి, ఆ నలభై ఊళ్లూ అడుగుతాయి. హర్షితని నాకు వదిలీండి. మిగతా పిల్లలందర్నీ మీరు తీసుకోండి. మీ బడి నిలబడుతుంది."

కుసుమకుమారి మనసులో లెక్క వేసుకుంది. హర్షితను ఊరి బడికి పంపకపోతే బడి నిలబడుతుంది, అన్న తెప్ప పోతుంది. పంపితే అన్న తెప్ప నిలబడుతుంది, బడి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నవాడు ఈ రెండిట్లో ఒకదాన్లో తోబుట్టువు కూడా ఉంటాడని చెప్పలేదు.

కాదని చెప్పడానికి ఆవిడ నోరు తెరిచింది. దీపిక గుర్తొచ్చి మాట బయటికి రాలేదు. సరే అనడానికి మనసు ఒప్పుకోలేదు. ఆయన ఆవిడ మొహంలోకి ఒక క్షణం చూసి, ఏమీ తొందర లేదన్నట్టు తల పంకించి, కారెక్కి పోయాడు. బస్సు కూడా ఆయన వెనకే కదిలింది.

ఆవిడ షెడ్డు దగ్గరికి తిరిగి వచ్చేసరికి జనం ఆమె కోసమే చూస్తున్నారు. సావుకారు ఏటన్నాడని అసిరయ్య అడిగాడు. అప్పుడు చెప్పి ఉండవలసింది. అంతా చెప్పి, ఆ ముడిని పెద్దల ముందే పడేసి ఉంటే ముగ్గురు కలిసి ఎలాగోలా విప్పేవారేమో. కానీ తను వల పట్టుకుని అన్న ఒక్క మాటతో ఊరి బడి బతికిందని అందరి మొహాలూ వెలిగి ఉన్నాయి. ఆవిడకు ధైర్యం చాల్లేదు.

"పిల్లల పేర్లు రేపే వదిలేస్తానన్నాడు మావా," అంది.

అది అబద్ధం కాదు. అందులో సగం లేదు, అంతే. అసిరయ్య సంతోషంగా తలూపి, కట్టుబాటు వీధి వీధికీ చాటమని ఊళ్లో చాటింపు వేసే లక్ష్ముడికి చెప్పాడు. అతను డప్పు మెడలో వేసుకుని బయల్దేరాడు. జనం విడిపోతున్నారు. ధనరాజు దగ్గరికి వచ్చి, చిన్నప్పుడు చేసినట్టు చెల్లెలి నెత్తిన ఒక్కసారి చెయ్యి పెట్టి పోయాడు. అది ఆవిడ భరించలేకపోయింది.

తరవాత కూర్మమ్మ వచ్చింది. నలుగురిలో నిలదీసినందుకు మొహం చిన్నబోయి ఉంది. క్షమించమని అడిగే అలవాటు ఆమెకు లేదు కనుక, కుసుమకుమారి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

"నీ పిల్లకి బడి అన్నం రుసించదేమోనే. సోమారం నానే సేపల పులుసు వొండి తెస్తాను. మా దీపిక పక్కనే కూకుంతాది."

కుసుమకుమారి తలూపింది. చెయ్యి విడిపించుకోవాలనీ ఉంది, విడిపించుకోవడానికి మనస్కరించడం లేదు. ఆ సమయంలోనే చేతిసంచీలో ఫోను మోగింది. ఇంటి నుంచి. ఒంటి చేత్తోనే తీసి చెవిన పెట్టుకుంది. విజయ్‌కుమార్ ఎప్పుడూ ఫోనులో పెద్దగా మాట్లాడతాడు, ఆఫీసు గోలలో అలవాటైన గొంతు. ఈ రోజు సంతోషంలో ఇంకా పెద్దగా ఉంది.

"కుసుమా, గోవిందరావుగారు ఇప్పుడే ఫోను చేసేరు. హర్షితని అక్కడే ఉంచడానికి నువ్వు ఒప్పుకున్నావట కదా. మొత్తానికి తెలివైన పని చేసేవు."

డప్పు చప్పుడు రెండో వీధిలోకి పోయింది. కూర్మమ్మ ఆవిడ మొహంలోకి చూసింది, ఫోను వైపు చూసింది. తరవాత మెల్లగా, ఒక్కొక్క వేలే, ఆవిడ చెయ్యి వదిలేసింది.